ప్రశాంతం అని రాసినచోట

కూతవేటు దూరం అని రాశాక అది ఎవరి కూత అని ఎవరూ అడగరు, ఈ ఉద్యోగంలో ఉన్న సుఖమల్లా అదే, గొంతు బాగున్నవాడి కూత ఒక తీరు, జలుబు చేసినవాడి కూత ఒక తీరు, హోటల్ నుంచి సముద్రానికి ఎంత దూరమండీ అని యజమానిని ఫోన్లో అడిగితే దగ్గరేనమ్మా నడిచి పోవచ్చు అంటాడు, కాళ్ళుండాలే గాని నడిచి ఎక్కడికైనా పోవచ్చు, అనుకుంటూ ఆమె కంప్యూటరు తెర మీద ద్వీపం పటాన్ని పెద్దది చేసింది, నీలం రంగు ముక్కలు ముక్కలుగా విడిపోయి మళ్ళీ అతుక్కుంది, నాలుగు దిక్కులా నాలుగు బీచ్‌లు, ఈ ట్రావెల్ ఆఫీసు బ్రోచర్‌లో నాలుగింటి గురించీ రాసేది తనే, ఏటా అవే మాటల్ని అటువి ఇటూ ఇటువి అటూ మార్చి కొత్తగా చేస్తుంది, ఫొటోలు చూసి రాస్తుంది, యజమానుల ఫోన్లు విని రాస్తుంది, ఒక్కదాంట్లోనూ కాలు పెట్టిన పాపాన పోలేదు, పెట్టాలని అనిపించనూ లేదు, ఆఫీసులో అందరూ ఆమెని వర్ణన అనే పిలుస్తారు, మేనేజరు ఎప్పుడో సరదాకి పెట్టిన పేరు, అసలు పేరు ఇప్పుడు పిలిస్తే తనే పలకదేమో, ఏమ్మా వర్ణనా, ఈ గది కిటికీ తీస్తే పక్కింటి గోడే కనిపిస్తోందిట, ఏం రాద్దాం అంటాడు మేనేజరు, చల్లని నీడపట్టున అని రాద్దాం సార్ అంటుంది తల ఎత్తకుండా, ఆయన పొట్ట ఊగేలా నవ్వుతాడు, నవ్వడానికేముంది, పని అది, ఇంటి వాతావరణం అంటే యజమాని పిల్లలు మీ మంచం మీద గెంతుతారని, సహజ సౌందర్యం అంటే రోడ్డు లేదని, ఉత్సాహభరితం అంటే నిద్ర ఉండదని, సముద్రం కనిపించే గది అంటే స్నానాల గదిలో బకెట్టు బోర్లించి దానిమీదకెక్కితే కనిపిస్తుందని, ప్రశాంతం అంటే అక్కడికి ఎవరూ రారని, ఒక్కటీ అబద్ధం కాదు, అబద్ధం రాస్తే కంపెనీ మునుగుతుంది, ఉన్న నిజం రాస్తే ఇంకా తొందరగా మునుగుతుంది, ఆ రెండిటి మధ్య సందులో కుర్చీ వేసుకుని ఆమె ఇన్నేళ్ళూ హాయిగా కూర్చుంది, ఇవాళే, ఇదిగో, ఆ కుర్చీ కాలు కాస్త ఊగుతోంది, ఎందుకంటే నాలుగింటిలో ఒకటి తనకోసం ఎంచుకోవాలి, తనకీ తన భర్తకీ, సాయంత్రం ఆఫీసు కట్టేసేలోపు.

పొద్దున ఆయన బ్రెడ్డు మీద వెన్న రాస్తూ, అందులోనూ ఆయనది పనివాడి చెయ్యే, మూలలు వదలడు, లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, తల వంచుకునే, ఎటైనా వెళ్దామా అన్నాడు, ఎటు అంది ఆమె, ఆ ద్వీపం ఉందిగా నువ్వు రాస్తుంటావు, అక్కడికి, అన్నాడు, ఉన్నట్టుండి ఇదేమిటి అనుకుంది, అనలేదు, సరే చూస్తాను అంది, అప్పుడు ఆయన చాకు పక్కన పెట్టి నీతో ఒక మాట మాట్లాడాలి అన్నాడు, చెప్పండి అంది, ఇక్కడ కాదు అన్నాడు, ఇక్కడ అంటే, వంటింట్లో కాదనా, ఈ ఇంట్లోనే కాదనా, అడగలేదు, గ్లాసు కడిగి బోర్లించింది, ఆయన తన సామాన్ల సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు, ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తాడు గాని తాము ఉండే మేడలో మాత్రం మెట్లే దిగుతాడు, అదేమిటండీ అని ఎవరైనా అంటే అందులో ఎక్కితే నాకు డ్యూటీలో ఉన్నట్టుంటుందండీ అంటాడు, నీతో ఒక మాట మాట్లాడాలి, ఈ మాట ఆమె ఇంతకుముందు విన్నది మేనేజరు నోటనే, ఆయన టీ గ్లాసు చేతికొచ్చిందంటే తన విడాకుల కథ ఏకరువు పెడతాడు, మా ఆవిడ కూడా సరిగ్గా అదే మాట అందమ్మా, నీతో ఒక మాట మాట్లాడాలీ అంది, సోఫా మార్చాలంటుందేమో అనుకుని నేను సరే సరే మారుద్దాం అన్నాను, తీరా చూస్తే సోఫా కాదు, నన్నే మార్చింది, వారం తిరక్కుండా అలమరలో సగం ఖాళీ, అని తనే ముందు నవ్వుతాడు, నవ్వు అయిపోయాక గ్లాసు అడుగున మిగిలిన టీ తిప్పుతూ, ఒక్క మాట అన్నారంటే అది ఒక్క మాట కాదమ్మా వర్ణనా, దాని వెనకాల పెద్ద లారీ లోడుంటుంది, అంటాడు, అంటే ఇంట్లో ఆయన కూడా విడిపోదామనే అంటాడు కాబోలు అనుకుంది ఆమె బస్సులో కూర్చుని, అనుకుని, అలవాటు కొద్దీ, విడిపోవడం అన్నదాని ముందు ఏ విశేషణం అతుకుతుందా అని చూసింది, ఏదీ అతకలేదు, గుండెలో రాయి పడాలి కదా ఇలాంటప్పుడు, పడలేదు, లేకపోతే పడిందేమో, లోతు ఎక్కువై చప్పుడు పైకి రాలేదేమో, కిటికీ పక్కన కూర్చున్నావిడ ఉల్లిపాయలు బేరమాడిన సంగతి ఫోన్లో ఎవరికో చెబుతోంది, ఆమె ఆ సంగతి మొత్తం విన్నది, దిగేటప్పుడు ఆ ఉల్లిపాయలు మంచివో కావో తెలుసుకోకుండా దిగిపోతున్నందుకు చిన్నగా బాధ కూడా వేసింది.

అక్కా, ఏదో ఒకటి చెప్పెయ్, నాలుగుచోట్లా నీకోసం ఒక్కో గది పట్టుకుని కూర్చున్నాను, మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్నావంటే నాలుగూ పోతాయ్, అంటోంది పక్క బల్ల దగ్గర బుకింగులు చూసే అమ్మాయి, జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని అదే పెన్ను కోసం బల్లంతా వెతుకుతూ, బావగారితో మళ్ళీ హనీమూనా, ఉత్తరం వైపుది తీసుకో అక్కా, మంచి హుషారు, చెబుతా ఉండవే అంది ఆమె, ఉత్తరం వైపుది ఉత్సాహభరితం, పొద్దస్తమానం స్పీకర్లు మోగుతూనే ఉంటాయి, ఇసక మీద కుర్చీలు, కుర్చీల మధ్య సందు లేనంత జనం, అక్కడ ఆయన ఆ మాట చెప్పాలంటే అరిచి చెప్పాలి, విడిపోదాం అంటాడు, ఆఁ అంటుంది తను, విడి, పో, దాం, అంటాడు గొంతు చించుకుని, సరిగ్గా అప్పుడే పాట ఆగుతుంది, పక్క టేబుళ్ళవాళ్ళందరూ తల తిప్పి చూస్తారు, వెయిటరు వచ్చి ఇంకేమైనా కావాలా మేడమ్ అంటాడు, వద్దు చాలు బాబూ అంటుంది తను, నిజమే, ఇంకేం కావాలి, ఆమెకి నవ్వొచ్చింది, బుకింగు అమ్మాయి ఏంటక్కా నీలో నువ్వే అంది, ఏం లేదులే, పడమరది చూద్దాం, మరపురాని సూర్యాస్తమయం, అక్కడ సాయంత్రం అయ్యేసరికి అందరూ ఒకే వైపుకి తిరిగి నిలబడతారట, లిఫ్టులో అంకెలకేసి చూస్తూ నిలబడ్డట్టు, ఎవరూ ఎవరి మొహమూ చూడరు, ఆయనకి అలవాటైన నిలబడడమే, సూర్యుడు మునగ్గానే చప్పట్లు కొడతారని హోటలువాళ్ళు గొప్పగా చెప్పారు, రోజూ మునిగేదానికి చప్పట్లెందుకో, ఆయన సరిగ్గా ఆ క్షణంలో ఆ మాట అన్నాడనుకో, చుట్టూ చప్పట్లు, బాగా చెప్పావయ్యా అన్నట్టు, వద్దు, తూర్పుది అసలు లెక్కలోకే రాదు, దాని యజమానురాలు ఒక మొండి మనిషి, స్వర్గాన్ని తలపించే తీరం అని రాసి వినిపిస్తే, నేను స్వర్గం చూళ్ళేదమ్మా, నువ్వు చూశావా, ఉన్నది ఉన్నట్టు రాయి అంది, ఉన్నది ఏమిటండీ అంటే, ఇక్కడ గాలి ఎక్కువ, ఎదురెదురుగా కూర్చుంటే మాట వినపడదు, పక్కపక్కన ఆనుకుని కూర్చోవాలి, టోపీలు తెచ్చుకోవద్దు, ఎగిరిపోతే నాకు సంబంధం లేదు, అంతే రాయి, ఇంకో ముక్క కలిపావంటే ఊరుకోను, అంది, సరే అని అంతే రాసింది, ఆ పేజీ చూసినప్పుడల్లా మేనేజరు తల పట్టుకుంటాడు, బ్రోచర్ మొత్తంలో ఆమె చెయ్యి పడనిది ఆ ఒక్క పేజీయే, ఆ గది కావాలని ఇంతవరకూ అడిగినవాడు లేడు.

ఇంట్లో కూడా మాట వినపడదు, గాలివల్ల కాదు, అసలు ఉంటేగా, కూతురు ఉన్నన్నాళ్ళూ తెలియలేదు, అది తపాలా బంట్రోతులా ఆ గదికీ ఈ గదికీ తిరిగేది, నాన్నకి చెప్పవే గీజరు పనిచేయడం లేదని, అమ్మనడుగు నా స్పానరు ఎక్కడ పెట్టిందో, మీ ఇద్దరికీ నోళ్ళు లేవా అని విసుక్కుంటూనే మోసేది, ఇప్పుడు నర్సు చదువుకని హాస్టల్లో చేరింది, తపాలా ఆగిపోయింది, గీజరు పాడైతే ఆమె నీళ్ళు స్టవ్ మీద కాచుకుంటుంది, అది చూసి ఆయన గీజరు బాగుచేస్తాడు, మధ్యలో ఒక్క మాట నడవదు, పని మాత్రం ఆగదు, తిట్టుకోరు, అలగరు, పై అంతస్తావిడ ఒకసారి చక్కెర కోసం వచ్చి, మీ ఇంట్లోంచి చప్పుడే రాదండీ, మా ఇంట్లో అయితే పొద్దున్నే మొదలు, మీరు పెట్టి పుట్టారు అంది, ఆయన ఆ గుమ్మం దగ్గరే బూట్ల లేసులు కట్టుకుంటూ, మా ఇల్లు ప్రశాంతమండీ అన్నాడు, అని తలెత్తి భార్యకేసి చూశాడు, ఆ చూపు ఆమెకి బాగా తెలుసు, ఎప్పటినుంచో తెలుసు, ఆయన వదినగారు ఫోన్ చేసి ఏం మరిదీ ఎలా ఉన్నారు అన్నా అంతే, ఏముంది వదినా, ప్రశాంతం, అని ఆమెకేసి ఒక చూపు, కూతురు హాస్టల్ నుంచి నాన్నా ఇంట్లో ఎలా ఉంది అన్నా, ప్రశాంతంగా ఉందమ్మా, మళ్ళీ అదే చూపు, జోకు చెప్పి ఎదుటివాళ్ళు నవ్వేదాకా ఆగేవాళ్ళ చూపులా ఉంటుంది, ఇందులో నవ్వడానికేముందో ఆమెకి ఎప్పుడూ తెలియలేదు, అవునండీ అన్నట్టు తలూపుతుంది, మర్యాదకి చిన్నగా నవ్వుతుంది, ఆయన మళ్ళీ లేసుల్లోకో ఫోన్లోకో తల దించుకుంటాడు, పైపెచ్చు ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి లోపల కాస్త గర్వంగానే ఉండేది, మొగుడు నలుగురిలో ఇంటి గురించి మంచిమాట చెబితే ఎవరికి చేదు, కాని ఈమధ్య సాయంత్రాలు ఆయన వచ్చిన స్కూటరు చప్పుడు వినిపిస్తుంది, మెట్ల మీద అడుగుల చప్పుడు మాత్రం రాదు, ఒకరోజు కిటికీలోంచి చూస్తే కింద స్టాండు వేసిన స్కూటరు మీదే కూర్చుని ఉన్నాడు, నెత్తిన హెల్మెట్ అలాగే ఉంది, ఎక్కడికీ పోవడం లేదు, ఎక్కడినుంచీ రావడం లేదు, ఊరికే కూర్చున్నాడు, అలసట కాబోలు అనుకుంది, పొయ్యి తగ్గించి కూర కలిపింది, మళ్ళీ చూసేసరికి ఇంకా అలాగే ఉన్నాడు, పిలుద్దామా అనుకుంది, నోటిదాకా వచ్చింది కూడా, మేడ మీదనుంచి అరిస్తే బాగుండదని ఊరుకుంది.

ఇక మిగిలింది దక్షిణం, ఆ హోటలు యజమాని ఏడుపు గొంతుతో ఫోన్ చేసిన రోజు గుర్తుంది, అమ్మా మా వైపుకి పురుగు కూడా రావడం లేదమ్మా, బస్సు లేదు, కొట్టు లేదు, ఫోన్ సిగ్నలు కూడా లేదు, ఏదైనా మంచి మాట చూసి పెట్టండి, మీకు పుణ్యముంటుంది, అంటే, అప్పుడు పెట్టింది ఆ మాట, ప్రశాంతం, పెట్టగానే మేనేజరు లేచి నిలబడి భళా అన్నాడు, ఆ మాట నమ్మి వెళ్ళినవాళ్ళలో ఒక పెద్దావిడ తిరిగొచ్చాక నేరుగా ఈ బల్ల దగ్గరికే వచ్చింది, చేతిలో గొడుగు, గొడుగు కొసని బల్ల కేసి చూపించి, అమ్మాయ్, ఆ ప్రశాంతం అని రాసింది నువ్వేనా అంది, ఆమె లేచి నిలబడి, నేనేనండీ, ఏమైనా ఇబ్బంది పడ్డారా అంది, ఇబ్బందా, అక్కడ నేనూ మా ఆయనా తప్ప నరమానవుడు లేడు, టీవీ లేదు, పేపరు లేదు, ఉన్నన్నాళ్ళూ నేను చెప్పేది ఆయన వినాలి, ఆయన చెప్పేది నేను వినాలి, ఈ వయసులో మాకు ఇంత శిక్షా, నీ చేతులు పడిపోనూ, అంది, ఫిర్యాదు రాసుకోమంటారా అని ఆమె పెన్ను తీస్తే, వద్దులే, వచ్చే ఏడాదికి కూడా అదే గది పట్టి ఉంచు, ఆయన చెబుతున్న కథ ఇంకా సగమే అయింది, అంది ఆవిడ, అని గొడుగు తాటిస్తూ వెళ్ళిపోయింది, ఆఫీసు మొత్తం పగలబడి నవ్వింది, ఆమె కూడా నవ్వింది, ఇప్పుడు అదే గుర్తొచ్చి, ఇంతకీ దక్షిణమే నయమేమో అనుకుంది, చెప్పేదేదో సూటిగా చెబుతాడు, వినేదేదో తను సూటిగా వింటుంది, పక్క టేబులు ఉండదు, చప్పట్లు ఉండవు, విన్నాక ఏం చెయ్యాలన్నదే చిక్కు, బస్సు కూడా లేనిచోట విడిపోయినవాళ్ళు ఎటు పోతారు, ఒకే గదిలో ఒకళ్ళకొకళ్ళు నీళ్ళ గ్లాసు అందించుకుంటూ మిగతా రోజులు గడపాలి, మాట లేకుండా, పని ఆగకుండా, అదేం పెద్ద కష్టం, ఇంట్లో చేస్తున్నదే కదా, అనుకుంది, ఇలా తాపీగా అనుకోగలుగుతున్నందుకు తనమీద తనకే ఆశ్చర్యం వేసింది, ఏమే, ఆ దక్షిణం గది, అని బుకింగు అమ్మాయి వైపు తిరిగింది, సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది, ఆయనే, పనివేళప్పుడు ఆయన ఎప్పుడూ ఫోన్ చెయ్యడు.

నేనే అన్నాడు, తెలుసు అంది, వెనకాల ఇనప తలుపు మూసుకున్న చప్పుడు, ఎవరో అయిపోయిందా అన్నా అని అరుస్తున్నారు, వస్తున్నా ఉండు అని ఆయన అటు అరిచి, ఇటు గొంతు తగ్గించి, పొద్దున నీ సంచీలోంచి ఆ బ్రోచర్ ఒకటి తీసుకున్నాను, ఇక్కడ పని కాస్త ఆగితే చదివాను, నాలుగూ చదివాను, అన్నాడు, ఆహాఁ అంది ఆమె, కొన్నేళ్ళుగా తను రాసింది ఆయన చదివినట్టే ఎరగదు, చదివి ఏమనుకున్నారని అడుగుదామనుకునేలోపే, ఆ దక్షిణం వైపుది మాత్రం తియ్యకు, అన్నాడు, ఎందుకండీ, బాగానే ఉంటుందటగా, అంది, ప్రశాంతం అని రాశావు కదా, అన్నాడు, అయితే, అంది, అయితే ఏమిటి, ఎవరూ ఉండరన్నమాట, నువ్వే చెప్పావుగా అప్పుడు, ఆ వానలో, బస్టాపులో, అని ఆయన ఆగాడు, ఆగి, దానికోసం అంత దూరం పోవాలా, అన్నాడు, గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, బోల్టు ఎంతవరకూ బిగించాలో చెప్పినట్టు చెప్పాడు, మళ్ళీ అటునుంచి ఎవరో పిలిచారు, సరే ఉంటాను అని పెట్టేశాడు, ఆమె ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కూర్చుంది.

బస్టాపు, ఏ బస్టాపు, పెళ్ళయిన కొత్త, ఈ ఉద్యోగంలో చేరిన కొత్త, ఒకటే వాన, రేకు కప్పు కింద ఇద్దరూ ఒకే గొడుగు పట్టుకుని నిలబడ్డారు, రేకుకి చిల్లి ఉండి కప్పు కింద కూడా గొడుగు కావలసొచ్చింది, ఆమె సంచీలో తను రాసిన మొట్టమొదటి బ్రోచర్, ఆయన తీసి చదువుతూ, ఇంటి వాతావరణమా, అబ్బో, మంచి హోటలే, అంటే, మీ మొహం, యజమాని పిల్లలు నెత్తినెక్కుతారని దానర్థం, అంది, మరి ఇదో, సహజ సౌందర్యం, అంటే రోడ్డు లేదు, మరి ఇది, ప్రశాంతం, అంటే కాకి కూడా వాలదండీ, ఒట్టిపోయిన చోటన్నమాట, ఎవరూ లేరని రాస్తే ఎవరొస్తారు, అందుకని ప్రశాంతం, అని ఆమె చెబుతుంటే ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు, ఆ మనిషి అంతలా నవ్వగలడని ఆమెకి అంతవరకూ తెలియదు, ఆ నవ్వులో వచ్చిన బస్సు వెళ్ళిపోయింది, మరి మా నాన్న సంగతేమిటి అన్నాడు, గంభీరమైన పరిసరాలు అంది, మన గది, హాయిగా ఒదిగిపోయే గది, మరి నేను, గాలీ వెలుతురూ ధారాళం, నిర్వహణ సులువు, అంది, ఇంకో బస్సు కూడా వెళ్ళిపోయింది, ఆ తర్వాత ఇంట్లో చాలాకాలం అదే భాష, కూరలో ఉప్పు లేకపోతే ఇవాళ కూర సహజ సౌందర్యం అనేవాడు, వాళ్ళ బాస్ కేకలేసిన రోజు ఆఫీసంతా ఉత్సాహభరితం అనేవాడు, ఇంటికొచ్చిన చుట్టాలకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, వాళ్ళ ముందే ఈయన ఒక మాట అనడం, తను పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోవడం, ఎంత బాగుండేది, నిజంగా ఎంత బాగుండేది, ఎప్పుడు ఆగిపోయింది అది, పిల్ల పుట్టాకా, పిల్ల బడికి వెళ్ళాకా, పగలంతా అదే భాష రాసి రాసి ఇంటికొచ్చాక ఆమెకి ఆ మాటలంటేనే వెగటు పుట్టింది కాబోలు, ఏరోజు మానేసిందో కూడా గుర్తులేదు, మానేసింది, ఆ తర్వాత మర్చిపోయింది, అంతే, ఆయన మానలేదన్నమాట.

మానలేదు, ఆ ఆలోచన వచ్చి అలా నిలబడింది, ఇక పక్కకి జరగలేదు, ఏముంది వదినా, ప్రశాంతం, అన్నప్పుడు ఆయన మాట్లాడింది వదినగారితో కాదు, పై అంతస్తావిడ చక్కెర గిన్నె పట్టుకుని నిలబడితే మా ఇల్లు ప్రశాంతమండీ అన్నది ఆవిడకి కాదు, అందుకే ఆ చూపు, నవ్వుతుందేమో అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుందేమో అని, పోనీ కోపమైనా తెచ్చుకుని ఎవరూ లేకపోవడమేమిటండీ నేను లేనూ అని నిలదీస్తుందేమో అని, తనేం చేసింది, అవునండీ అని తలూపింది, ఎవరూ లేరు అని మనిషి మొహం మీద చెబుతుంటే అవునండీ అంది, పైగా పొంగిపోయింది, గొడుగు పెద్దావిడ కంటే అన్యాయం, ఆవిడైనా వచ్చి గొడుగు చూపించి అడిగింది, ఆమెకి ఒక్కసారిగా చెవులు వేడెక్కాయి, సిగ్గు, ఒట్టి సిగ్గు, దాని వెనకే ఏడుపు, ఆఫీసులో ఏడవడం అలవాటు లేక బల్ల సొరుగు తెరిచి అందులో ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చింది, సొరుగులో గుండుసూదుల డబ్బా, ఎండిపోయిన గమ్ము సీసా, ఏమైందక్కా అంటోంది బుకింగు అమ్మాయి, పొలమారిందే అంది, ఏమీ తాగకుండానే పొలమారిందా అంది ఆ పిల్ల, అంటూనే తన నీళ్ళ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది, అటు మేనేజరు కుర్చీలోంచి మెడ చాచి, ఏమ్మా వర్ణనా, ఒంట్లో బాగాలేదా అన్నాడు, బాగానే ఉంది సార్, సహజ సౌందర్యం, అంది, ఆయన నవ్వలేదు, ఈసారి ఆయనకి ఏమీ అర్థం కాలేదు.

మొహం తుడుచుకుని ఆమె మళ్ళీ ద్వీపం పటం కేసి చూసింది, విడిపోదాం అనే అంటాడో, ఇంకేమంటాడో, అది ఇప్పటికీ తెలియదు, హెల్మెట్ పెట్టుకుని కింద అంతసేపు కూర్చునే మనిషి ఏమైనా అనొచ్చు, మేనేజరు చెప్పే లారీ లోడే వస్తుందేమో, రానీ, భయం వేస్తోంది, ఇందాకటిదాకా వెయ్యలేదు, ఇప్పుడు వేస్తోంది, పోతాడేమో అని వేస్తోంది, పోకూడదని వేస్తోంది, ఇంత భయం తనలో ఉన్నట్టు ఆమెకి తెలియనే తెలియదు, అక్కా, ఇంక టైము లేదు, దక్షిణమేనా, రాసెయ్యనా, అంది బుకింగు అమ్మాయి, కాదు, తూర్పు, అంది ఆమె, తూర్పా, ఆ పిల్ల పెన్ను కోసం బల్ల మీద తడుముతూ ఆగిపోయింది, అక్కడ గాలక్కా, కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు, ఆవిడ ఫోన్లో మాట్లాడుతుంటేనే గాలి ఇక్కడిదాకా కొడుతుంది, ఎవరైనా వెళ్తారా అక్కడికి, మేము వెళ్తాం, పెన్ను నీ తలలోనే ఉంది, తీసి రాయి, అంది ఆమె, ఆ పిల్ల నాలిక కరుచుకుని జుట్టులోంచి పెన్ను లాగింది, ఎదురెదురుగా కూర్చుంటే మాట వినపడదు, పక్కపక్కన ఆనుకుని కూర్చోవాలి, రాసినవాటన్నిటిలో ఒక్క ఆ వాక్యానికే వేరే అర్థం లేదు, ఆమె ఫోన్ తీసి, తూర్పు వైపుది తీసుకున్నాను, అని ఆయనకి కొట్టింది, కొట్టాక సరిపోలేదనిపించి, ఇంట్లో ప్రశాంతంగా ఉందని నాకు ఇవాళే అర్థమైంది, అని కలిపింది, పంపేసింది, పంపాక తెర నల్లబడేదాకా దానికేసే చూసింది, ఎక్కడో ఏ మేడలోనో ఇనప తాళ్ళ మధ్య నిలబడి ఆయన అది చదువుతాడు, చదివి నవ్వుతాడో లేదో, నవ్వకపోయినా ఫరవాలేదు, ఇంతకాలం ఆయన ప్రశాంతం అన్న ప్రతిసారీ ఆ మాట వదినగారికి కాదు, పై అంతస్తావిడకి కాదు, ఆమెకే చెప్పాడు, ఆ భాష వచ్చినవాళ్ళు ఆయనకి ఈ లోకంలో ఆమె ఒక్కతే ఉంది.